కోళ్ల షెడ్డుకు అలారం పెట్టె: బిగింపు డైరీ

జడ్చర్ల నుంచి కల్వకుర్తి పోయే రోడ్డులో, మిడ్జిల్ దాటాక మా బావకు ఒక బ్రాయిలర్ షెడ్డు ఉంది. 30 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు, రేకుల కప్పు, రెండు పక్కలా జాలి, పరదాలు. బ్యాచ్‌కు ఐదు వేల పిల్లలు దిగుతాయి. రాత్రిపూట షెడ్డు దగ్గర పడుకునేది, మేం ‘కాక’ అని పిలిచే మనిషి ఒక్కడే. బావ ఇల్లు ఊళ్లో, నేనుండేది మహబూబ్‌నగర్‌లో.

మే నెల మధ్యాహ్నం గంటసేపు ఫ్యాన్లు ఆగితే వేడికి కోళ్లు ఎలా చస్తాయో పెంచేవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. అందుకే షెడ్డులో వేడి పెరిగినా, కరెంటు పోయినా, నీళ్లు తగ్గినా ఫోన్ మోగించే అలారం పెట్టె కొన్నాం. ఇలాంటి పెట్టెలన్నీ సెట్టింగుల్లో దాదాపు ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. ఎక్కడెక్కడ తప్పిందో, ఏం మార్చామో, అదే రాస్తున్నా.

దశ 1: కొన్నవి

1. జీఎస్ఎం అలారం పెట్టె, అంటే సిమ్ వేస్తే ఫోన్ చేసేది (ఉంది, లేదు అని చెప్పే 8 డిజిటల్ ఇన్‌పుట్లు, కొలత తీసుకునే 4 అనలాగ్ ఇన్‌పుట్లు, ఒకే తీగ మీద చాలా సెన్సార్లు పలికే ఆర్ఎస్-485 పోర్టు, స్విచ్‌లా పనిచేసే 2 రిలేలు): రూ.9,500
2. ఆర్ఎస్-485 ఉష్ణోగ్రత, తేమ సెన్సార్లు మూడు: రూ.3,300
3. 12 వోల్టుల ఎస్ఎంపీఎస్ (మెయిన్ కరెంటును 12 వోల్టులకు మార్చే సప్లై), 7 ఏహెచ్ (యాంపియర్ అవర్) బ్యాటరీ: రూ.1,750
4. కేబుల్ 90 మీటర్లు: రూ.1,900
5. వాటర్‌ప్రూఫ్ డబ్బా, గ్లాండ్లు (వైరు దూరే చోట బిగించేవి), పైపు ముక్కలు: రూ.1,250

ఇప్పటిదాకా: రూ.17,700.

2జీ మాత్రమే పట్టే పెట్టె ఇంకా తక్కువకు దొరుకుతుంది. కానీ జియోకు 2జీ లేదు, ఆ పెట్టెలో జియో సిమ్ పనిచేయదు. మీ ఊళ్లో ఏ సిగ్నల్ బాగుంటుందో చూసుకున్నాకే పెట్టె కొనండి. మేం 4జీ, 2జీ రెండూ పట్టేది తీసుకున్నాం.

సెన్సార్లు ఆర్ఎస్-485వే ఎందుకంటే, సర్క్యూట్ బోర్డు మీద నేరుగా కలిపే చిన్న సెన్సార్లు కొన్ని మీటర్లు దాటితే నమ్మకంగా పలకవు. 200 అడుగుల షెడ్డులో అవి కుదరవు. ఆర్ఎస్-485 నెమ్మది స్పీడులో కిలోమీటరు దాకా కూడా పోతుంది.

దశ 2: మూడు సెన్సార్లు, ఒకే అడ్రస్

సెన్సార్లు మూడూ ఫ్యాక్టరీ నుంచి అడ్రస్ 1 తోనే వస్తాయి. అలాగే ఒకే తీగ మీద కలిపితే, పెట్టె ‘ఒకటో నంబరూ, చెప్పు’ అనగానే మూడూ కలిసి పలుకుతాయి. పెట్టెకు ఒక్క ముక్క అర్థం కాదు, స్క్రీన్ మీద గీతలే కనబడతాయి. కాబట్టి గోడకు బిగించక ముందే, టేబుల్ మీద పెట్టుకుని:

1. లాప్‌టాప్‌కు యూఎస్‌బీ నుంచి ఆర్ఎస్-485 కన్వర్టర్ పెట్టి, సెన్సార్లను ఒక్కొక్కటిగా కలపాలి.
2. సెన్సార్ పలికే వేగం, తీరు: 9600 బాడ్, 8 బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్. పెట్టెలోనూ ఇవే ఉండాలి.
3. అడ్రస్ మార్చి, సెన్సార్‌కు కరెంటు తీసి మళ్లీ ఇచ్చి, కొత్త అడ్రస్‌తో చదివి చూడాలి.
4. అప్పటికప్పుడే మార్కర్‌తో సెన్సార్ వెనక నంబరు రాయాలి. తర్వాత రాద్దామంటే ఏది ఏదో తెలియదు.

సెన్సార్ 32.4 డిగ్రీలను 324 అని పంపుతుంది. పెట్టెలో ఆ చానెల్‌కు గుణకం 0.1 అని ఇవ్వాలి. అది 1 గా వదిలేస్తే పెట్టె 324 డిగ్రీలనుకుని మొదటి నిమిషంలోనే అలారం కొడుతుంది. ఇది నయం, వెంటనే దొరికిపోయే తప్పు.

అసలు తలనొప్పి వైరింగ్ దగ్గర వచ్చింది. పెట్టె తూర్పు చివర దాణా గదిలో ఉంది. సులువుగా ఉంటుందని ఒక్కో సెన్సార్‌కు పెట్టె నుంచి విడివిడిగా వైరు లాగాం. మామూలప్పుడు బాగానే ఉండేది. బోరు మోటారు స్టార్ట్ అయినప్పుడల్లా మూడో సెన్సార్ జవాబు పోయేది. మార్చినవి ఇవీ:

1. విడి వైర్లు తీసేసి, పెట్టె నుంచి ఒకటో సెన్సార్‌కు, అక్కడి నుంచి రెండోదానికి, మూడోదానికి ఒకే గొలుసుగా లాగాం.
2. గొలుసు రెండు చివరలా 120 ఓముల రెసిస్టర్ పెట్టాం. కరెంటు తీసి, ఆర్ఎస్-485 రెండు వైర్లయిన ఏ, బీల మధ్య మల్టీమీటర్ పెడితే దాదాపు 60 ఓములు చూపాలి. 120 చూపితే ఒక చివర రెసిస్టర్ పడలేదు. 40 చూపితే ఎక్కడో మూడోది ఉంది (కొన్ని సెన్సార్ల లోపలే ఒకటి ఉంటుంది, దాని జంపర్ అనే చిన్న క్లిప్పు తీయాలి).
3. మోటారు కేబుల్‌కు అడుగు దూరం జరిపాం. తప్పక దాటాల్సిన చోట అడ్డంగా దాటించాం, పక్కపక్కన పోనీయలేదు.

ఆ తర్వాత మోటారు ఎన్నిసార్లు ఆన్ చేసి చూసినా మూడో సెన్సార్ పలికింది.

దశ 3: దొడ్డుప్పు పరీక్ష

మూడు సెన్సార్లనూ ఒకే గదిలో, ఒకే బల్ల మీద రాత్రంతా ఉంచితే ఉష్ణోగ్రతలో తేడా 0.4 డిగ్రీ. దాన్ని ముట్టుకోలేదు. తేమలో మాత్రం ఒకదానికొకటి పొంతన లేదు. ఏది నిజమో తేల్చడానికి ల్యాబ్ అక్కర్లేదు, ఉప్పు చాలు. ఉప్పు కరగకుండా మిగిలి ఉండేంత తక్కువ నీళ్లు కలిపి, మూత గట్టిగా పడే డబ్బాలో పెడితే, లోపలి గాలి తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. 20 నుంచి 40 డిగ్రీల దాకా అది పెద్దగా మారదు. మన ఎండలకు ఇదే పెద్ద సౌకర్యం.

1. సీసా మూతలో దొడ్డుప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేదాకా నీటి చుక్కలు వేయాలి. పైన నీళ్లు తేలకూడదు.
2. సెన్సార్లకు ఉప్పు తగలకుండా డబ్బాలో పెట్టి, వైర్లు బయటికి వచ్చే చోట టేపు చుట్టాలి.
3. ఎండ తగలని గదిలో రాత్రంతా వదిలేయాలి. గంటకే చదివితే లెక్క తప్పుతుంది.

పొద్దున చూస్తే: ఒకటోది 71.2, రెండోది 74.6, మూడోది 79.8. పెట్టెలో ఒకటోదానికి +3.8, మూడోదానికి -4.8 సవరణ ఇచ్చాం. రెండోదాన్ని అలాగే ఉంచాం. తేమ ఇంత పట్టి చూడటం దేనికంటే, దశ 7లో ఒక అలారం మొత్తం దాని మీదే నడుస్తుంది.

దశ 4: ఎక్కడ వేలాడదీయాలి

మొదట సెన్సార్లను దూలాలకు కట్టాం, కోళ్లకు అందకుండా. రేకు కింది వేడికి అవి నేల దగ్గరి కంటే మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ చూపాయి. కోడి ఉండేది నేల మీద. కిందికి దించి, లిట్టర్‌కు (నేల మీద పరిచే పొట్టుకు) అడుగున్నర ఎత్తులో వేలాడదీశాం. వైరును కోళ్లు పొడవకుండా పీవీసీ పైపులోంచి దించాం.

ఇక ఫాగర్లు, అంటే షెడ్డు చల్లబడేలా నీటి తుంపర కొట్టేవి. ఈ మొత్తం పనిలో ప్రాణం మీదికి తెచ్చేది ఇదే. ఓ మధ్యాహ్నం కాక దగ్గరున్న పాదరసం థర్మామీటర్ 37 చూపుతుంటే రెండో సెన్సార్ 29 అంటోంది, తేమ 99.9. ముట్టుకుంటే సెన్సార్ తల మీది జాలీ టోపీ తడిసి, అంచున ఒక నీటి చుక్క వేలాడుతోంది. తడిసిన సెన్సార్ గాలి వేడిని చూపదు, ఆరిపోతున్న నీటి చల్లదనాన్ని చూపుతుంది. అంటే వేడి ఎక్కువై ఫాగర్లు ఎక్కువసేపు నడిచినకొద్దీ పెట్టె అంతా చల్లగా ఉందంటుంది. అలారం మోగాల్సిన గంటలోనే నోరు మూసుకుంటుంది.

మార్చినవి:

1. ఫాగర్ లైన్ల మధ్య ఖాళీలోకి జరిపాం. తుంపర పడుతుందా లేదా అన్నది అక్కడ ఒక పాత న్యూస్‌పేపర్ వేలాడదీసి, ఫాగర్లు పది నిమిషాలు నడిపి చూశాం. పేపర్ తడవని చోటే సెన్సార్.
2. పూలకుండీల కింద పెట్టే ప్లాస్టిక్ పళ్లేలు, తెల్లవి, బోర్లించి ఒకదాని కింద ఒకటి వేలు మందం ఖాళీతో నాలుగు పేర్చి బోల్టులు బిగించాం. లోపలివాటికి మధ్యలో రంధ్రం, సెన్సార్ అందులో ఉంటుంది. గాలి ఆడుతుంది, తుంపర పడదు.
3. తేమ 98 దాటి 20 నిమిషాలు అలాగే ఉంటే ‘సెన్సార్ తడిసింది’ అని ఒక అలారం పెట్టాం.

పళ్లేలు, బోల్టులు: రూ.240. ఇప్పటిదాకా: రూ.17,940.

దశ 5: కరెంటు

ఈ దశలో 230 వోల్టుల పని ఉంది. తెలిసిన ఎలక్ట్రీషియన్ లేకుండా చేతులు పెట్టకండి.

ముందు బ్యాటరీ సంగతి. ఎస్ఎంపీఎస్‌నూ బ్యాటరీనీ నేరుగా కలిపి వదిలేస్తే బ్యాటరీ ఎప్పటికీ నిండదు. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉండాలంటే దానికి 13.5 నుంచి 13.8 వోల్టుల దాకా అందుతుండాలి. మాది కొలిస్తే 12.1 ఉంది. కరెంటు తీసి చూస్తే పెట్టె తెల్లారేదాకా కూడా నిలవలేదు. బ్యాటరీ చార్జింగ్ ఉన్న సప్లై తెచ్చి మార్చాం, ఇప్పుడు బ్యాటరీ దగ్గర 13.7 వస్తోంది. పెట్టె, సెన్సార్లు కలిపి సగటున 180 మిల్లీ యాంపులు తీసుకుంటున్నాయి. కాగితం మీద 38 గంటలు రావాలి. నేను పగలూ రాత్రీ మొత్తం ఆపి చూస్తే మర్నాటిదాకా నిలిచింది, అది చాలు.

తర్వాత ఫేజులు, అంటే షెడ్డుకు వచ్చే మూడు కరెంటు లైన్లు. ఒక్కో ఫేజుకు ఒక చిన్న 230 వోల్టుల రిలే పెట్టి, వాటి కాంటాక్టులను మూడు డిజిటల్ ఇన్‌పుట్లకు ఇచ్చాం. ఫేజు పోతే రిలే పడిపోతుంది, పెట్టెకు తెలుస్తుంది. లెక్క ప్రకారం అంతే. నిజంలో రెండు చోట్ల తప్పింది.

ఒకటి, లో వోల్టేజీ. 150 దాకా పడిపోయి ఫ్యాన్లు మూలుగుతూ తిరగలేకపోతున్నా రిలే పట్టుకునే ఉంది. ఒకసారి పట్టుకున్న ఏసీ రిలే అంత తేలిగ్గా వదలదు, మూడో వంతు వోల్టేజీకి దిగినా అంటిపెట్టుకునే ఉండొచ్చు.

రెండు, బోరు మోటారు. మూడు ఫేజుల మోటారు తిరుగుతుండగా ఒక ఫేజు పోతే, ఆ పోయిన ఫేజు తీగ మీద మోటారే కొంత వోల్టేజీ పుట్టిస్తుంది. లైను మీద ఫేజు లేదు, మీటర్ పెడితే మాత్రం 170 చూపిస్తోంది. రిలేకు ఆ తేడా తెలియదు. మోటారు కాలిపోతున్నా పెట్టె ‘అంతా బాగుంది’ అంటుంది.

అందుకని మూడు ఫేజుల వోల్టేజీనీ కొలిచి పోల్చే ఫేజు మానిటర్ రిలే కొన్నాం. ఇందులో మూడు సెట్టింగులు:

1. అండర్ వోల్టేజీ: ఫేజుకు ఫేజుకు మధ్య 415 ఉండాలి, 350 కింద కట్.
2. అన్‌బ్యాలెన్స్ (ఫేజుల మధ్య తేడా): 10 శాతం. మోటారు పుట్టించే దొంగ వోల్టేజీని పట్టేది ఇదే.
3. ఆలస్యం: 5 సెకండ్లు. మోటారు స్టార్టింగ్‌లో క్షణంపాటు పడే వోల్టేజీకి ఉలిక్కిపడకుండా.

చిన్న రిలేలను పారేయలేదు. ఏ ఫేజు పోయిందో చెప్పడానికి అవి పనికొస్తాయి.

మానిటర్ రిలేను లైనులో ఎక్కడ పెట్టాలన్నది ఇంకో ప్రశ్న. చేంజ్‌ఓవర్ స్విచ్‌కు (లైను కరెంటు నుంచి జనరేటర్‌కు మార్చే స్విచ్‌కు) ముందు పెడితే కరెంటు పోయిన ప్రతిసారీ అలారం, కాక జనరేటర్ వేసేసినా సరే. స్విచ్ తర్వాత పెడితే షెడ్డుకు నిజంగా సరఫరా లేనప్పుడే అలారం. మానిటర్ రిలేను స్విచ్ తర్వాతకు, చిన్న రిలేలను స్విచ్ ముందుకు మార్చాం. ముందువి లాగ్‌లో (పెట్టె తనలో రాసుకునే చిట్టాలో) పడతాయి, ఫోన్ మోగించవు. నాకు తెలిసిన ఒకాయన పెట్టెలో ఇది తిరగబడి ఉంది. కరెంటు పోయినప్పుడల్లా ఫోన్ మోగి మోగి, చివరికి ఆయన సిమ్ తీసి జేబులో పెట్టుకున్నాడు.

చార్జింగ్ సప్లై రూ.950, చిన్న రిలేలు బేసులతో రూ.750, ఫేజు మానిటర్ రూ.1,600. ఇప్పటిదాకా: రూ.21,240.

దశ 6: నీళ్లు

ఎండాకాలం కోళ్లు మామూలు కంటే రెట్టింపు దాకా నీళ్లు తాగుతాయి. స్టాండ్ మీది రెండు వేల లీటర్ల సింటెక్స్‌లో నీళ్లు తెలియాలని, అడుగున మునిగి ఉండి, నీటి ఎత్తును కరెంటు రూపంలో పంపే లెవల్ ట్రాన్స్‌మిటర్ వేశాం. 4–20 మిల్లీ యాంపులది, రేంజి 2 మీటర్లు. ఖాళీ అయితే 4, రెండు మీటర్లకు 20. మా ట్యాంకు నిండితే లోపల 1.4 మీటర్లు, అంటే 15.2 రావాలి.

రాలేదు. సగం దాకా సరిగ్గా చూపి, 11 దగ్గర ఆగిపోయింది. ట్యాంకు పొర్లుతున్నా 11 మిల్లీ యాంపులే. ట్రాన్స్‌మిటర్ చెడిపోయిందనుకుని వెనక్కి పంపే ముందు దాని రెండు వైర్ల మధ్య వోల్టేజీ చూడండి. అది పనిచేయడానికి కనీసం 12 వోల్టులు అడుగుతుంది. మనమిచ్చేదే 12. అందులో పెట్టె ఇన్‌పుట్ రెసిస్టర్ కొంత తినేస్తుంది: 250 ఓముల మీద 11 మిల్లీ యాంపులు పోతే 2.75 వోల్టులు అక్కడే హరీ. 12ను 24 చేసే చిన్న బూస్టర్ బోర్డు పెట్టగానే నిండు ట్యాంకుకు 15.1 వచ్చింది.

సెట్టింగులు:

1. 0.5 మీటర్ల కింద 10 నిమిషాలు ఉంటే మెసేజ్.
2. 0.25 మీటర్ల కిందకు పోతే కాల్.
3. 3.6 మిల్లీ యాంపుల కింద అయితే ‘వైరు తెగింది’. ఖాళీ ట్యాంకు కూడా 4 చూపాలి, అంతకంటే తగ్గిందంటే అది నీళ్ల సంగతి కాదు.

ఇక్కడ ఒక హద్దు చెప్పాలి. ట్యాంకు నిండుగా ఉన్నంత మాత్రాన నిప్పిల్‌కు (కోళ్లు నీళ్లు తాగే మొనకు) నీళ్లు వస్తున్నట్టు కాదు. ఫిల్టర్ మూసుకుపోయినా, మందు కలిపినప్పుడు కట్టేసిన వాల్వు తిప్పడం మరిచినా ట్యాంకు లెవల్ హాయిగా నిండుగానే ఉంటుంది. దీనికి పెట్టెతో పని లేదు. లైను చివర నిలువు గొట్టంలో నీటి ఎత్తు కాక కంటితో చూస్తాడు, అదే నమ్మకం.

ట్రాన్స్‌మిటర్ రూ.3,900, బూస్టర్ రూ.160. ఇప్పటిదాకా: రూ.25,300.

దశ 7: హద్దులు, ఆలస్యాలు

మొదట ఒకటే హద్దు పెట్టాం: 35 దాటితే అలారం. మే నెలలో మన దగ్గర 35 అంటే పొద్దున పదకొండు. సాయంత్రం దాకా మెసేజ్‌లే మెసేజ్‌లు. పైగా ఉష్ణోగ్రత హద్దు దగ్గరే ఊగుతుంటే దాటినప్పుడు ఒకటి, దిగినప్పుడు ఒకటి, మళ్లీ దాటినప్పుడు ఒకటి. సిమ్ ప్లాన్‌లో రోజుకు 100 మెసేజ్‌లు, అవి సాయంత్రానికే అయిపోయిన రోజు కూడా ఉంది. ఆ తర్వాత నిజంగా ఏదైనా జరిగినా మెసేజ్ పోదు. బావ ఫోన్ చేశాడు: ‘‘నీ పెట్టెను సైలెంట్‌ల పెట్టిన రా, తలకాయ నొస్తుంది.’’

అప్పుడు కాగితం తీసుకుని ప్రతి అలారం పక్కన ‘ఇది మోగితే ఎవరు లేచి ఏం చేస్తారు’ అని రాశాం. జవాబు లేనివన్నీ కొట్టేశాం. మిగిలినవాటికి హద్దులు కొలిచి పెట్టాం. ఫాగర్లు రెండు నిమిషాలు నడిచి పది నిమిషాలు ఆగుతాయి. ఆ ఒక్క చుట్టులో ఉష్ణోగ్రత 1.8 డిగ్రీ కిందికీ పైకీ పోతోంది. కాబట్టి హిస్టెరిసిస్ 2 డిగ్రీలు. అంటే 37కి మోగితే 35కు దిగేదాకా మళ్లీ మోగదు. ఆలస్యం 12 నిమిషాలు, ఒక పూర్తి ఫాగర్ చుట్టు. పెట్టెతో వచ్చిన పుస్తకంలో ఉన్న 0.5 డిగ్రీ, 1 నిమిషం మన షెడ్డులకు పనికిరావు.

పిల్లల వయసును బట్టి హద్దులు మారాలి. కోళ్ల పెంపకం చూసే సూపర్‌వైజర్ చెప్పే లెక్క ఫారెన్‌హీట్‌లో ఉంటుంది: మొదటి వారం 95, ఆ తర్వాత వారానికి 5 తగ్గించు. పెట్టెకు సెల్సియస్ తప్ప తెలియదు. 95 అంటే 35, 90 అంటే 32.2, 85 అంటే 29.4, 80 అంటే 26.7 అని చీటీ రాసి డబ్బా మూత లోపల అంటించాం. ఇది బ్రూడర్ బల్బు (చిన్న పిల్లలకు వేడినిచ్చే బల్బు) కింద లెక్క. చిక్ గార్డు (పిల్లల చుట్టూ పెట్టే అడ్డు) అంచున ఉన్న సెన్సార్ రెండు మూడు డిగ్రీలు తక్కువే చూపుతుంది, హద్దులు దాన్నిబట్టి పెట్టాలి.

1. మొదటి వారం: కింద 30, పైన 36.
2. రెండో వారం: కింద 27, పైన 36.
3. మూడో వారం: కింద 24, పైన 37.
4. ఆ తర్వాత: ఎండాకాలం కింది హద్దు తీసేయాలి. 37కి మెసేజ్, 39కి కాల్. 39కి మాత్రం ఆలస్యం 3 నిమిషాలే.

బ్రూడింగ్ అప్పుడు, అంటే ఆ బల్బు కింద పెంచే రోజుల్లో, పిల్లలు షెడ్డులో ఒక మూలనే ఉంటాయి. రెండో, మూడో సెన్సార్ల కింది హద్దులు ఆఫ్ చేయకపోతే ఖాళీ షెడ్డు చలికి రాత్రంతా అరుస్తాయి.

ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే చాలదు. ఫారెన్‌హీట్ డిగ్రీలకు తేమ శాతం కలిపితే 160 దాటకూడదని కోళ్లవాళ్లలో ఒక లెక్క ఉంది. 35 డిగ్రీలు అంటే 95, దానికి 65 శాతం తేమ కలిస్తే 160. కోడికి చెమట పట్టదు, రొప్పి ఊపిరితోనే వేడి బయటికి పంపుతుంది. గాలి తడిగా ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. అయితే ఈ లెక్కను గుడ్డిగా నమ్మడం నాకు ఇష్టం లేదు. మన పొడి ఎండలో 42 డిగ్రీలు, 20 శాతం తేమ కలిపినా 128 కూడా రాదు, కానీ 42కి పెద్ద కోడి బతకడం కష్టం. అందుకే ఉష్ణోగ్రత అలారాలను అలాగే ఉంచి, దీన్ని అదనంగా పెట్టాం. కూడిక పెట్టెకు రాదు కానీ రెండు షరతులు కలపొచ్చు: 35 పైన, తేమ 65 పైన, రెండూ 10 నిమిషాలు. దీనికి చేయాల్సిన పని మామూలు వేడి అలారానికి తలకిందులు: ఫాగర్లు ఆపి ఫ్యాన్లు పూర్తిగా వేయాలి. మొదటి వానల ముందు ఉక్కపోతలో ఎక్కువగా మోగింది ఇదే.

దశ 8: ఫోన్లు

ఐదు నంబర్లకు అన్నీ పంపితే ప్రతి ఒక్కరూ ‘వాళ్లు చూస్తార్లే’ అనుకుంటారు. ఇప్పుడు వరస ఇలా ఉంది:

1. మొదట షెడ్డులోనే సైరన్, పెట్టె రిలే మీద. కాక లేచి బటన్ నొక్కితే ఆగుతుంది.
2. 3 నిమిషాల్లో నొక్కకపోతే బావకు కాల్.
3. ఎత్తకపోతే పక్క పొలం ఆయనకు.
4. నాకు మెసేజ్ మాత్రమే. మహబూబ్‌నగర్ నుంచి నేను లేచి చేసేదేం లేదు.

మెసేజ్ తెలుగులో రాస్తే ఒక దాంట్లో 70 అక్షరాలే పడతాయి, ఒత్తులూ గుణింతాలూ విడిగా లెక్క. ఇంగ్లిషు అక్షరాలైతే 160. దాటితే రెండు ముక్కలవుతుంది, మా పెట్టె రెండో ముక్కను మింగేస్తుంది. అందుకే పని మాత్రమే రాశాం: ‘ఉక్క ఎక్కువ. ఫాగర్లు ఆపు, ఫ్యాన్లు వేయి.’ ఏ సెన్సార్, ఎంత అన్నవి లాగ్‌లో చూసుకోవచ్చు. కాకకు మెసేజ్ చదివే అలవాటు లేదు, సైరన్ పెట్టింది ఆయన కోసమే.

బావ ఫోన్‌లో పెట్టె నంబర్‌కు వేరే రింగ్‌టోన్ పెట్టి, డీఎన్‌డీలో (డు నాట్ డిస్టర్బ్‌లో) ఉన్నా మోగేలా అనుమతి ఇచ్చాం. ఇది చేయకపోతే మిగతా పనంతా వృథా.

సిగ్నల్ బలం: దాణా గదిలో పెట్టె 9 చూపింది. ఈ అంకెను రెండింతలు చేసి 113లోంచి తీసేస్తే మైనస్ 95 డీబీఎం, అంటే బలహీనం. యాంటెన్నాను బయట పైపు మీదికి ఎత్తితే 17, అంటే మైనస్ 79. అంతకుముందు రాత్రిపూట ఆలస్యంగా వచ్చిన మెసేజ్‌లు ఇప్పుడు వెంటనే వస్తున్నాయి.

సైరన్ రూ.450, యాంటెన్నా కేబుల్, పైపు రూ.600. ఇప్పటిదాకా: రూ.26,350.

దశ 9: పెట్టె అబద్ధం చెప్పినప్పుడు

ఒక రాత్రంతా మూడో సెన్సార్ 31.2. పొద్దున చూసినా 31.2. మిగతా రెండూ నాలుగు డిగ్రీలు దిగి మళ్లీ ఎక్కాయి. పోయి చూస్తే దూలం దగ్గర ఎలుక వైరు కొరికేసింది. జవాబు రాకపోతే చివరిసారి వచ్చిన అంకెనే చూపిస్తూ ఉండటం ఈ పెట్టె ఫ్యాక్టరీ సెట్టింగ్. ఇలాంటి పెట్టె కొన్న వెంటనే వెతకాల్సిన మొదటి ఆప్షన్ ఇదే, మాన్యువల్‌లో మాత్రం ఎక్కడో వెనక పేజీలో ఉంటుంది.

1. ‘కమ్యూనికేషన్ ఫెయిల్’ అలారం ఆన్. వరసగా 5 సార్లు జవాబు రాకపోతే.
2. జవాబు రానప్పుడు విలువ: ‘చివరిది’ తీసేసి ‘ఎర్రర్’.
3. పరీక్ష: ఒక్కో సెన్సార్ వైరు పీకి, ఫోన్ మోగిందాకా నిలబడాలి. లెవల్ ట్రాన్స్‌మిటర్‌కూ, ఫేజు ఇన్‌పుట్లకూ అంతే. స్క్రీన్ మీద ‘ఓకే’ చూసి నమ్మొద్దు.
4. ఎలుక తిరిగే చోట వైరును జీఐ ఫ్లెక్సిబుల్ పైపులో వేశాం. రూ.850.

పెట్టే చచ్చిపోతే? సిమ్ రీచార్జ్ గడువు ముగిసినా, పిడుగుకు పోయినా, అది ‘నేను పోయాను’ అని చెప్పలేదు. అందుకని పొద్దున 7కి, రాత్రి 9కి ‘షెడ్డు బాగుంది’ అని ఒక మెసేజ్ పంపుతుంది. కానీ రాని మెసేజ్‌ను మనిషి గమనించడు. అక్క వాళ్లింట్లో పాత ఆండ్రాయిడ్ ఫోన్ చార్జింగ్‌లో పెట్టి, ఆటోమేషన్ యాప్‌లో ఒక నియమం రాశాం: 7:15కల్లా ఆ నంబర్ నుంచి మెసేజ్ రాకపోతే గట్టిగా మోగు. రాత్రి 9:15కీ అంతే. రీచార్జ్ మరిచిన నెలలో ఇది మోగింది.

ఇప్పటిదాకా: రూ.27,200. రీచార్జ్ ఖర్చు వేరే.

దశ 10: బ్యాచ్ పోయాక

కోళ్లు ఎత్తాక షెడ్డు కడిగి, క్రిములు చావడానికి ఫార్మాలిన్ పొగ వేస్తారు. ఆ పొగ తేమ సెన్సార్‌ను పాడు చేస్తుంది. మొదటిసారి సెన్సార్లు లోపలే ఉండిపోయాయి, తర్వాత ఉప్పు డబ్బాలో పెడితే రెండోది 74.6కు బదులు 68 చూపింది. ఇప్పుడు బ్యాచ్‌కు బ్యాచ్‌కు మధ్య క్రమం ఇది:

1. పెట్టెలో మూడు సెన్సార్ల అలారాలూ ఆఫ్. ఎప్పుడు ఆపామో డబ్బా మీద చాక్‌పీసుతో రాయాలి.
2. సెన్సార్లు ప్లగ్ దగ్గర విప్పి ఇంటికి. వైరు చివరలకు పాలిథిన్ కట్టాలి.
3. జాలీ టోపీలోని దుమ్మును పెయింట్ బ్రష్‌తో పొడిగా దులపాలి. నీళ్లు, స్పిరిట్ వద్దు.
4. రాత్రంతా ఉప్పు డబ్బా. 75కు మూడు శాతం లోపు తేడా ఉంటే వదిలేయాలి, దాటితే సవరణ మార్చాలి, పది దాటితే సెన్సార్ మార్చాలి.
5. పొగ వాసన పూర్తిగా పోయాక బిగించి, వైరు పీకే పరీక్ష మళ్లీ.
6. మొదటి వారం హద్దులు వేసి, అలారాలు ఆన్ చేసి, చాక్‌పీసు రాత చెరపాలి.

లిట్టర్ నుంచి లేచే ఘాటు వాయువుకు, అంటే అమ్మోనియాకు, సెన్సార్ ఎందుకు పెట్టలేదని సూపర్‌వైజర్ అడిగాడు. ఆన్‌లైన్‌లో రెండు మూడు వందలకు దొరికే గ్యాస్ సెన్సార్ అమ్మోనియాకూ పొగకూ ఆల్కహాల్‌కూ ఒకే తీరుగా స్పందిస్తుంది, తేమ మారితే దాని అంకె కూడా మారుతుంది. దాంతో 25 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 25) హద్దు పట్టుకోలేం. అమ్మోనియాను మాత్రమే చూపే ఎలక్ట్రోకెమికల్ సెన్సార్ ధర బాగా ఎక్కువ, పైగా కొన్నాళ్లకు దాన్ని మార్చాలి. ప్రస్తుతానికి కాక మోకాళ్ల మీద కూర్చుని, కోడి ఎత్తులో ముక్కు పెట్టి చూస్తాడు. కళ్లు మండితే లిట్టర్ తిరగేసి, గాలి ఆడేలా పరదాలు దించుతాడు. అమ్మోనియాకు పనికొచ్చే ఇన్‌పుట్ పెట్టెలో ఖాళీగానే ఉంది.